రాత్రి రైళ్ల ఛాయాచిత్రకారుడు – విన్‌స్టన్ లింక్

అమెరికా దేశంలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో యేగర్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1956వ సంవత్సరం ఆగస్టు 2వ తేదీ రాత్రి ఆ ఊరి ఆరుబయలు సినిమా ప్రాంగణంలో ప్రదర్శన జరుగుతున్నది. ప్రేక్షకులు తమ తమ కార్లలోనే కూర్చుండి తెరవైపు చూస్తున్నారు. ప్రాంగణానికి ఆనుకొనియే రైలుమార్గం. తూర్పు దిక్కుగా పోయే సరుకుల బండి ఒకటి, ఆవిరి యంత్రం లాగుతుండగా, చీకటిని చీల్చుకొని వచ్చినది. అది తెర ప్రక్కకు చేరిన క్షణాన ఒక మనిషి మీట నొక్కినాడు. అక్కడక్కడ అమర్చియుంచిన 43 ఫ్లాష్ బల్బులు ఒక్కుమ్మడిగా భగ్గున వెలిగి ఆరిపోయినవి. అంతే. బండి వెళ్లిపోయినది. మరల చీకటి క్రమ్ముకొన్నది.

కాని ఆ రెప్పపాటు వెలుగు ఫిలిం మీద నిలిచిపోయినది. నల్లని ఆకాశంలో తెల్లని ఆవిరి మేఘం, దాని క్రింద యంత్రం, బారులు తీరిన కార్లు, ముందున్న కారులో ఒక యువ జంట, ఎదుట తెరపై ఎగిరే విమానం – ఇవన్నీ ఒకే చట్రంలో ఇమిడిన ఆ చిత్రం ఛాయాచిత్రకళా చరిత్రలో సుప్రసిద్ధమైనది. దానిని తీసినవాడు ఓగల్ విన్‌స్టన్ లింక్. అప్పటికి ఆయన వయస్సు 41 ఏండ్లు.

ఆ చిత్రాన్ని చూసినవారికి తెల్లని పొగ, నల్లని యంత్రం కనిపిస్తాయి. కనిపించనిది ఒకటి ఉన్నది. 43 దీపాలను ఒకేచోట నిలుచున్న మనిషి ఒకే క్షణంలో ఎట్లు వెలిగించినాడు? ఆజ్ఞ ఆ దీపాలకు ఏ మార్గాన చేరినది? తీగ ద్వారానా, తీగ లేకుండ గాలిలోనా? కెమెరాకు దూరంగా ఫ్లాష్ దీపాన్ని నిలుపదలచిన ప్రతి ఛాయాచిత్రకారునికి ఈనాటికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. అంగడికి పోయి తీగ కొనవలెనా, రేడియో ట్రిగ్గరు కొనవలెనా అని నేటి యువకులు తర్కించుకొంటారు. లింక్ జీవితకథ ఆ తర్కానికి ఒక సమాధానం చెపుతుంది. అది తీగను గూర్చిన సమాధానం మాత్రమే కాదు.

విన్‌స్టన్ లింక్ 1914వ సంవత్సరం డిసెంబరు 16వ తేదీన న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించినాడు. తండ్రి బడిపంతులు. నగర పాఠశాలలలో పిల్లలకు వడ్రంగపు పని నేర్పేవాడు. చేతితో చేసి చూడనిదే ఏ విద్యా అబ్బదని నమ్మిన కుటుంబమది. కొడుకు చేతికి తొలుత కెమెరాను పరిచయం చేసినవాడు ఆ తండ్రియే. బాలుడు ఎరువు తెచ్చుకొన్న కోడక్ కెమెరాతో బొమ్మలు తీయటం మొదలుపెట్టినాడు. ఉన్నత పాఠశాల చదువు ముగియకముందే, చిన్న నెగెటివు నుండి పెద్ద ప్రతిని తీసే ఎన్‌లార్జరు యంత్రాన్ని తన చేతులతో తానే తయారు చేసుకొన్నాడు. కొనలేని దానిని కల్పించుకొనే ఈ అలవాటు ఆయనను కడవరకు విడువలేదు.

తరువాత బ్రూక్లిన్ పాలిటెక్నిక్ విద్యాసంస్థలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1937లో పట్టం పొందినాడు. వంతెనలు, కట్టడాలు నిర్మించవలసిన విద్య అది. చదువుకొనే రోజులలో విద్యార్థుల పత్రికకు ఛాయాచిత్ర సంపాదకుడుగా ఉండేవాడు. ఆ పత్రిక విందు సభలో ఆయన చేసిన ఉపన్యాసాన్ని ఒక ప్రచార సంస్థ అధికారి వినటం తటస్థించినది. మాటకారితనం నచ్చి ఆ అధికారి తమ సంస్థలో ఛాయాచిత్రకారుని ఉద్యోగం ఇచ్చినాడు. ఇంజనీరు కావలసినవాడు ఆ విధంగా చిత్రకారుడైనాడు. కాని ఇంజనీరు లోపల నిద్రపోలేదు.

ఐదేండ్లపాటు ఆ సంస్థలో పని చేసి, ముందుగా ఏర్పాటు చేసిన దృశ్యమే అయినా సహజంగా జరిగినట్లు కనిపించే చిత్రం తీయటంలో ఆరితేరినాడు. ఎవరు ఎక్కడ నిలువవలెను, వెలుగు ఎటునుండి పడవలెను, ఎవరి చూపు ఎటు పోవలెను – ఇవన్నీ ముందే నిర్ణయించి, చివరకు కష్టం కనబడకుండా చేయటమే ఆ పని మర్మం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన లాంగ్ ఐలండులోని మినియోలాలో ఒక ప్రయోగశాలలో చేరినాడు. తక్కువ ఎత్తున ఎగిరే విమానం నుండి, సముద్రంలో మునిగియున్న జలాంతర్గామిని పసిగట్టే సాధనాన్ని రూపొందించటం అక్కడి పని. కంటికి కనబడని దానిని, తాకకుండనే దూరం నుండి గుర్తించే శాస్త్రం అది. ఈ సంగతి మనం గుర్తుంచుకోవలెను. ఇటువంటి చోట పని చేసినవాడు తరువాత తీగలను నమ్ముకొన్నాడంటే అది విద్య తెలియక చేసిన పని కాదు. ఆ ప్రయోగశాలకు దగ్గరగా రైలుమార్గం ఉండేది. చిన్ననాటి నుండి ఉన్న రైళ్ల మీది మక్కువ అక్కడ మరల చిగిర్చినది. యుద్ధం ముగిసిన పిమ్మట 1946లో న్యూయార్కులో సొంత స్టూడియో తెరచి, కర్మాగారాలకు, వ్యాపార సంస్థలకు చిత్రాలు తీసి యిస్తూ చక్కగా జీవనం సాగించినాడు.

1955 జనవరిలో ఒక వ్యాపార చిత్రం కొరకు ఆయన వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ పట్టణానికి పోయినాడు. దానికి సమీపాన వేన్స్‌బరో మీదుగా నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే బండ్లు పోతుండేవి. ఆనాటికి అమెరికాలోని పెద్ద రైల్వేలు ఒకదాని వెంట ఒకటి ఆవిరి యంత్రాలను విడిచి డీజిలు యంత్రాలకు మారుతున్నవి. బొగ్గు గనుల మధ్య నడిచే ఈ రైల్వే ఒక్కటి మాత్రం పట్టుదలతో ఆవిరినే నమ్ముకొని, రోనోక్ నగరంలోని తన సొంత కర్మశాలలో మేలైన ఆవిరి యంత్రాలను నిర్మించుకొన్నది. జనవరి 21వ తేదీ రాత్రి లింక్ వేన్స్‌బరోలో తన మొదటి రాత్రి చిత్రం తీసినాడు. అదే ఏడాది మే 29న ఆ రైల్వే కూడ డీజిలు యంత్రాలకు మారటం ప్రారంభిస్తున్నట్లు ప్రకటించినది. అంటే ఆయన ప్రేమించిన వస్తువుకు ఆయుర్దాయం తీరిపోతున్నదని తెలిసిపోయినది.

రైల్వే అధ్యక్షుడు రాబర్ట్ స్మిత్ మొదలు క్రింది ఉద్యోగుల వరకు అందరును ఆయనకు సహకరించినారు. అయితే ఖర్చు మాత్రం ఎవరును ఇవ్వలేదు. సొంత డబ్బుతో, స్టూడియో పనుల నడుమ వీలు చేసుకొని, 1960వ సంవత్సరం వరకు సుమారు 20 పర్యాయాలు ఆయన ఆ ప్రాంతానికి వెళ్లి వచ్చినాడు. అట్లు కూడబెట్టిన నెగెటివులు సుమారు 2,400.

రాత్రివేళనే ఎందుకు తీసినాడని అడుగవచ్చును. దానికి ఆయన ఇంజనీరు వలెనే ఆలోచించినాడు. పగటి వెలుగు సూర్యుని చేతిలోనిది. రైలుపట్టాలను కదల్చలేము, సూర్యుని జరుపలేము. కావలసిన ప్రక్కనుండి కావలసినంత వెలుగు పడవలెనంటే మొదట ఉన్న వెలుగునంతటిని తొలగించవలెను. ఆ పనిని రాత్రి చేసిపెడుతుంది. చీకటి ఆయనకు నల్లబల్ల వంటిది. దాని మీద ఎక్కడ సుద్దగీత కావలెనో అక్కడ మాత్రమే దీపం పెట్టేవాడు. పగలు బూడిద రంగున కనిపించే ఆవిరి సైతం రాత్రి ఫ్లాష్ వెలుగులో పాలనురుగు వలె తెల్లగా మెరిసేది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవలెను. వెలుగు దూరం పోయిన కొలది పలచబడుతుంది. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగవ వంతుకు తగ్గుతుంది. పది రెట్లయితే నూరవ వంతుకు తగ్గుతుంది. ఇది పాఠశాలలో చెప్పే విలోమ వర్గ సూత్రమే. కెమెరా దగ్గర ఎంత పెద్ద దీపం పెట్టినా 10 అడుగుల దూరంలోని గడ్డిపోచ తెల్లబోతుంది గాని 100 అడుగుల దూరంలోని యంత్రం నల్లగానే ఉంటుంది. కాబట్టి దీపాన్ని కెమెరానుండి వేరు చేసి, వస్తువు దగ్గరకు మోసుకొని పోవలెను. యంత్రానికొకటి, వంతెనకొకటి, ఇంటికొకటి, చెట్టుకొకటి – అన్ని దీపాలు కావలెను. అవి అన్నీ ఒకే క్షణంలో వెలుగవలెను.

ఆనాటి ఫ్లాష్ బల్బు నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వంటిది కాదు. గాజుబుడ్డిలో ప్రాణవాయువు, సన్నని లోహపు తీగలు నింపి ఉండేవి. విద్యుత్తు సోకగానే ఆ లోహం మండి మహత్తరమైన వెలుగునిచ్చేది. ఒకసారి మండినదా, ఇక ఆ బల్బు బూడిదయే. మరల వాడుకకు రాదు. పైగా పెద్ద బల్బు పూర్తి వెలుగునకు రావటానికి విద్యుత్తు సోకినది మొదలు సుమారు 20 మిల్లీసెకన్లు, అనగా సెకనులో యాభయవ వంతు కాలం పట్టేది. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే రైలు సెకనుకు 88 అడుగులు ముందుకు పోతుంది. ఆ యాభయవ వంతు కాలంలోనే ఒక అడుగు తొమ్మిది అంగుళాలు జరిగిపోతుంది. ఒక దీపం ముందు, మరొక దీపం వెనుక వెలిగినచో షట్టరు తెరచియున్న కాలంలో సగం వెలుగే ఫిలింకు అందుతుంది.

తీగలేని ఉపాయాలు ఆనాడు లేకపోలేదు. కాంతిని గుర్తించే ఫోటోసెల్ సాధనం ఒకటి ఉండేది. మొదటి దీపం వెలుగును చూసి రెండవ దీపాన్ని వెలిగించటం దాని పని. కాని ఫ్లాష్ బల్బుల విషయంలో ఇందొక చిక్కు ఉన్నది. మొదటి బల్బు కొంత మండిన తరువాతనే సాధనానికి కబురు అందుతుంది. అప్పుడు రెండవ బల్బు మండటం ప్రారంభించి పూర్తి వెలుగునకు వచ్చేసరికి షట్టరు మూసుకొనిపోవచ్చును. పైగా ఆ సాధనానికి ఏ వెలుగు యజమానిదో, ఏ వెలుగు పరాయిదో తెలియదు. ఒక మెరుపు మెరిసినా అది మోసపోవచ్చును.

రెండవ ఉపాయం రేడియో. విద్యుత్తరంగాలను పంపే పెట్టె ఒకటి, ప్రతి దీపం దగ్గర వాటిని అందుకొనే పెట్టె ఒకటి కావలెను. ప్రతి పెట్టెకును బ్యాటరీ ఉండవలెను. చీకటిలో, కొండల నడుమ, ఇనుప వంతెనల క్రింద ఏ పెట్టె వింటున్నదో, ఏది చెవిటిదైనదో దూరాన నిలుచున్నవానికి తెలియదు. పరాయి తరంగమేదైనా సోకి బండి రాకముందే దీపాలు వెలిగినచో 43 బల్బులును ఒక్కసారిగా బూడిద. వాటిని చీకటిలో ఒక్కొక్కటిగా విప్పి మార్చేలోపల రైలు వచ్చి పోతుంది.

తీగకు, నిస్తంత్రికి వేగంలో గొప్ప భేదమున్నదని కొందరు భ్రమపడతారు. అది నిజం కాదు. రేడియో తరంగం సెకనులో పదిలక్షలవ వంతు కాలంలో దాదాపు 1,000 అడుగులు పోతుంది. తీగలోని విద్యుత్ సంకేతం దానికంటె కొంచెం మాత్రమే మందం. దీపాలున్న దూరంలో ఆ భేదం లెక్కకు రానిది. భేదమంతా నిశ్చయంలో ఉన్నది. తీగ తెగితే తెగిన చోటు ఒకటి ఉంటుంది. లాంతరు పట్టుకొని తీగ వెంట నడిచిపోతే ఆ చోటు దొరుకుతుంది. గాలిలో తెగిన మాటకు చోటు ఎక్కడ?

లింక్ తీగనే ఎంచుకొన్నాడు. అది సుఖమైన మార్గమని మాత్రం ఎవరును అనుకొనరాదు. జార్జి థామ్ వంటి సహాయకుడు తోడుండగా, కెమెరాలు, స్తంభాలు, ప్రతిఫలకాలు, బల్బుల పెట్టెలు, చుట్టలు చుట్టలుగా తీగలు మోసుకొనిపోయి, పగటి వెలుతురుండగనే పరచటం ప్రారంభించవలసి వచ్చేది. పట్టాలను దాటవలసిన తీగ పట్టా పైనుండి పోరాదు. పోతే మొదటి చక్రమే దానిని తెంపివేస్తుంది. మనుషుల కాళ్లకు తగులరాదు. మంచుకు తడిసి కీళ్లు చెడరాదు. దూరం పెరిగిన కొలది తీగలో విద్యుచ్ఛక్తి తరుగుతుంది. అందుచేత అన్ని బల్బులనూ ఒక్కసారిగా మండించగల విద్యుత్ సరఫరా సాధనాన్ని ఆయనే రూపొందించుకొన్నాడు.

ఆయన చేసిన మరొక నిర్ణయం ఇంకను విచిత్రమైనది. బల్బులను ఆయన శ్రేణి సంధానంలో కలిపినాడు. సమాంతర సంధానం, శ్రేణి సంధానం అనే రెండు పద్ధతులు మన విద్యార్థులకు తెలిసినవే. ఇండ్లలోని దీపాలు సమాంతర సంధానంలో ఉంటాయి. ఒకటి పోయినా తక్కినవి వెలుగుతాయి. శ్రేణిలో అట్లు కాదు. ఒక్క బల్బు చెడినా, ఒక్క కీలు వదులైనా, మొత్తం వరుసలో విద్యుత్తు పారదు. ఒక్క దీపమును వెలుగదు. చిత్రమే లేదు.

చూచినవారు ఇదేమి వెర్రి అనుకొందురు. అన్ని దీపాలను ఒక్క దారానికి గుచ్చి, ఆ దారం తెగితే సర్వం పోయేటట్లు చేసుకొనటం తెలివియేనా? నెమ్మదిగా ఆలోచించినచో దానిలోని వివేకం బోధపడుతుంది. 43 దీపాలలో పది వెలుగక, తక్కినవి వెలిగి, సగం చీకటిలో సగం వెలుగులో ఒక వికృత చిత్రం వచ్చినదనుకొందము. బల్బులన్నీ దాదాపు కాలిపోయినవి. చిత్రమునకు చిత్రమూ లేదు. శ్రేణిలో లోపమున్నచో బల్బులు మిగులుతాయి. లోపాన్ని వెదకి సరిచేసి మరుసటి బండికి సిద్ధపడవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. శ్రేణి వలయంలో బల్బులు మండనంతటి అల్పమైన విద్యుత్తును పంపి, వలయం పూర్తిగా ఉన్నదా లేదా అని రైలు రాకముందే పరీక్షించటానికి వీలున్నది. వరుస అంతా ఒక్కటే కనుక పరీక్షయు ఒక్కటే. లోపాన్ని దాచిపెట్టని పద్ధతి అది.

రైలు రెండవసారి రాదు. వచ్చినా ఆ రాత్రి, ఆ మనుషులు, ఆ ఆవిరి మరల రావు. పైగా ఆ యంత్రాలకు మిగిలియున్నవి కొద్ది సంవత్సరాలే. ఇట్టి పనిలో కష్టం తగ్గించే సాధనం కంటె సందేహం తగ్గించే సాధనమే మేలు. శ్రమను ముందుగా తన భుజాన వేసుకొని, సందేహాన్ని మీట నొక్కే క్షణానికి దూరం చేసినాడు. ఆయన తీగను ఎంచుకొనటంలోని అంతరార్థం ఇంతే.

అయినను అన్నీ ఆయన చేతిలో లేవు. చీకటిలో దూసుకొనివచ్చే యంత్రం సరిగ్గా ఏ చోటికి వచ్చినప్పుడు మీట నొక్కవలెనో ఊహించవలసినదే. ఆ ఒక్క ఊహ మనిషిది. తక్కినదంతా కొలిచి, లెక్కించి, పరీక్షించి పెట్టుకొన్నది.

ఈ పద్ధతిలో ఆయన తీసిన చిత్రాలు కేవలం యంత్రాల బొమ్మలు కావు. 1956లో లూరే సమీపాన హాక్స్‌బిల్ వాగులో పిల్లలు ఈదులాడుతుండగా పైన వంతెన మీద రైలు పోతున్న చిత్రం ఒకటి. లిథియా అనే ఊరిలో ఒక ఇంటి వారు తమ గదిలో ఉండగా కిటికీ ఆవల రైలు పోతున్న చిత్రం ఒకటి. గది లోపలి దీపం, వెలుపలి దీపాలు ఒక్క ఆజ్ఞకు లోబడి వెలిగిననే గాని ఆ చిత్రం లేదు. గ్రీన్ కోవ్ అనే చిన్న స్టేషనులో బండి వస్తుండగా తెల్లని గుర్రం తల వంచుకొని నిలుచున్న చిత్రం మరొకటి. అది పగటి వెలుగులో తీసినది. రైలుమార్గం ప్రక్కన బ్రతికే సామాన్యులు, వారి వాకిళ్లు, అంగళ్లు, స్టేషను సిబ్బంది – వీరందరును ఆ చిత్రాలలో యంత్రంతో సమానంగా నిలిచియున్నారు. ఆవిరి బండితోపాటు ఒక జీవన విధానమే తరలిపోతున్నదని ఆయన గ్రహించినాడు.

ఒక మాట దాచరాదు. యేగర్ చిత్రంలో తెరపై కనిపించే విమానం ఆ క్షణంలో ఫిలింపై నిలువలేదు. 43 బల్బుల వెలుగులో తెరమీది బొమ్మ తుడిచిపెట్టుకొనిపోయినది. అందుచేత విమానపు దృశ్యాన్ని వేరే నెగెటివు నుండి తెచ్చి, ముద్రించేటప్పుడు జోడించినాడు. ముందున్న కారు లింక్ సొంతది. అందులోని జంటను ఆయనయే కూర్చుండబెట్టినాడు. ఇది కల్పన అని కొందరు ఆక్షేపించవచ్చును. కాని రైలు నిజం, ఊరు నిజం, ఆ రాత్రి అక్కడ సినిమా ఆడటం నిజం. చెదరి ఉన్న నిజాలను ఒక్క చట్రంలోనికి తెచ్చినాడని చెప్పటమే న్యాయం.

కంటితో చూచినది చాలక, చెవితో విన్నదానిని కూడ ఆయన భద్రపరచినాడు. యంత్రాల ఊపిరి, కూత, పట్టాల మీది చక్రాల చప్పుడు – వీటిని టేపు మీద ఎక్కించి, 1957 మొదలు 1977 వరకు ఆరు గ్రామఫోను రికార్డులుగా వెలువరించినాడు. 1957లో క్రిస్మస్ ముందటి రాత్రి రూరల్ రిట్రీట్ స్టేషనులో చర్చి గంటల సంగీతం వినవస్తుండగా బండి వచ్చి ఆగి కదలిపోయిన శబ్దం వాటిలో ప్రసిద్ధమైనది.

1960లో ఆ రైల్వేలో ఆవిరి యుగం ముగిసినది. యంత్రాలు చాలమట్టుకు తుక్కు క్రింద పోయినవి. 1950లో రోనోక్‌లో నిర్మితమైన 611వ నంబరు యంత్రం వంటివి ఏ కొన్నియో నేటికీ భద్రంగా ఉన్నవి. లింక్ తన తీగలు చుట్టి పెట్టుకొని మరల స్టూడియో పనిలో పడినాడు. న్యూయార్కులో కడుతున్న వెర్రజానో నేరోస్ వంతెన నిర్మాణాన్ని చిత్రించినాడు. ఆయన రైలు చిత్రాలను చాలకాలం కళాప్రపంచం పెద్దగా పట్టించుకొనలేదు. 1983లో ఆయన ఉద్యోగ విరమణ చేసి సౌత్ సేలం అనే ఊరికి చేరినాడు. ఆ కాలంలోనే నార్‌ఫోక్ నగరంలోని క్రైస్లర్ మ్యూజియంలో ఆ చిత్రాలు ప్రదర్శితమై కళావిమర్శకుల దృష్టికి వచ్చినవి. 1987లో ఒకటి, 1995లో ఒకటి చొప్పున రెండు పుస్తకాలు వెలువడినవి. డెబ్బది ఏండ్లు సమీపించిన వయస్సులో కీర్తి తలుపు తట్టినది.

కీర్తితోపాటు కష్టమూ వచ్చినది. ఇంట నమ్మినవారి వలననే ఆయన ప్రింట్లు వందలకొద్దీ అపహరణ పాలైనవి. 1996లో న్యాయస్థానం ఆ నేరాన్ని నిర్ధారించి శిక్ష విధించినది. తీగలోని ప్రతి కీలును పరీక్షించుకొన్న మనిషికి జీవితంలో ఈ దెబ్బ తగిలినది. అయినను ఆయన నిలద్రొక్కుకొన్నాడు. 1999లో వెలువడిన అక్టోబర్ స్కై అనే చలనచిత్రంలో రైలు నడిపే ముదుసలి డ్రైవరుగా క్షణకాలం కనిపించి, చిన్ననాటి కోరిక తీర్చుకొన్నాడు. 2001 జనవరి 30వ తేదీన 86వ ఏట కన్నుమూసినాడు. 2004లో రోనోక్ నగరపు పాత రైల్వే స్టేషను భవనంలోనే ఆయన పేరిట మ్యూజియం వెలసినది. ఏ యంత్రాలను ఆయన చిత్రించినాడో ఆ యంత్రాలు ఆగిన చోటనే ఆ చిత్రాలు నిలిచినవి.

మన దేశంలోనూ బ్రాడ్‌గేజి మార్గాలపై ఆవిరి యంత్రాల నిత్యసేవ 1995లో ముగిసినది. కిటికీలో తల పెట్టి కూర్చుండి, కంటిలో బొగ్గునలుసు పడి ఏడ్చిన బాల్యం మనలో పెద్దలందరికీ జ్ఞాపకమే. ఆ బండ్లను చీకటిలో ఇంత శ్రమపడి చిత్రించిన లింక్ వంటివాడు ఒకడు మనకూ ఉండియుంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

నేటి సాధనాలు వేరు. నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఒకసారి తప్పినా కొన్ని సెకన్లలో మరల సిద్ధమవుతుంది. రేడియో ట్రిగ్గరు అరచేతిలో ఇమిడిపోతుంది. పెండ్లి పందిట్లో తీగ పరచి, వచ్చేపోయేవారి కాళ్లకు అడ్డం వేయటం కంటె అదే మేలు. పందిట్లో ఒక మెరుపు తప్పితే మరొకటి తీసుకొనవచ్చును. కాని మంగళసూత్రం ముడిపడే క్షణం తప్పితే? అందుచేత అనుభవజ్ఞులైనవారు రేడియో ట్రిగ్గరు వాడుతూనే సంచిలో ఒక తీగను కూడ ఉంచుకొంటారు. ముహూర్తానికి ముందే ప్రతి దీపాన్ని ఒకసారి వెలిగించి చూసుకొంటారు. వారికి లింక్ పేరు తెలిసినా తెలియకపోయినా, వారు నడిచేది ఆయన బాటనే.

తీగ గొప్పదా, నిస్తంత్రి గొప్పదా అనే ప్రశ్నకు ఊరకే సమాధానం లేదు. తప్పితే పోయేదెంత, తప్పుతుందేమో ముందుగా తెలుసుకొనే వీలున్నదా – ఈ రెండు ప్రశ్నలు వేసుకొన్నవారికి సమాధానం దానంతటదే దొరుకుతుంది. పాఠం చెప్పబోయే ముందు ప్రయోగాన్ని తాను ఒకసారి చేసి చూసుకొనే ఉపాధ్యాయుడు, పరీక్షకు పోయేముందు కలంలో సిరా ఉన్నదో లేదో చూసుకొనే విద్యార్థి, పట్టాల ప్రక్కన లాంతరుతో తీగ వెంట నడిచిన ఆ బడిపంతులు కొడుకు – ముగ్గురును ఒకే విద్యను అభ్యసించినవారు.